బావ తిట్ల కోసం ట్రౌట్ వేట

పామర్‌స్టన్ నార్త్: బయలుదేరే ముందు

అందరూ చేపల వేటకి చేపల కోసం వెళ్తారు. నేను మా బావ చేత తిట్లు తినడానికి వెళ్ళాను. వీడికేమన్నా పిచ్చా అని మీరు అనుకునే లోపు మా బావ గురించి చెప్పేస్తాను.

సత్యం బావది ఆకివీడు పక్కన. చేపల చెరువులు చేసి చేసి, ఈ మధ్యనే కౌలుకిచ్చేశాడు. మా అక్క సుశీలను ఆయన చేసుకున్నాడు, ఆయన చెల్లెలు పద్మను నేను చేసుకున్నాను. అంటే ఏ వైపు నుంచి చుట్టుకొచ్చినా ఆయన నాకు బావే, తప్పించుకునే దారి లేదు. నా పెళ్ళి భోజనాల్లో నా విస్తట్లో వడ్డించిన బూరెలో పూర్ణానికి బదులు కారప్పొడి పెట్టించిన మహానుభావుడు ఆయన. ఆ రోజు మొదలు నన్ను ఆటపట్టించని రోజు లేదు. నా జుట్టు మీద, నా డ్రైవింగ్ మీద, నా ఇంగ్లీషు మీద, దేనిమీదైనా సరే. నేను న్యూజీలాండ్‌లో సెటిల్ అవుతున్నానని ఫోన్ చేస్తే, "అక్కడ మనుషుల కంటే గొర్రెలే ఎక్కువంటగా, నీకు బాగా కలిసొస్తుందిరా బుజ్జీ" అన్నాడు. ఇప్పుడు నాకు మీసాలు నెరుస్తున్నాయి, ఆయనకి మాత్రం బుజ్జిగాణ్ణే.

రెండేళ్ళ కిందట అక్క పోయింది. అప్పట్నుంచి బావ మాట్లాడటం మానలేదు. మాట్లాడతాడు, కానీ మర్యాదగా మాట్లాడతాడు. "బాగున్నావా? ఆఫీసు బాగుందా? అమ్మాయి బాగా చదువుతోందా?" అంతే. అక్క మాట మాత్రం ఎత్తడు. ఎవరైనా ఎత్తితే లేచి మంచినీళ్ళ కోసం వెళ్ళిపోతాడు.

బలవంతం చేసి ఇక్కడికి రప్పించాం. వచ్చినవాడు పెట్టింది తిని, "బాగుంది" అని చెప్పి, సోఫాలో ఓ మూల కూర్చునేవాడు. నేను కావాలని రసంలో ఉప్పు వెయ్యకుండా పోశాను. "బాగుంది" అన్నాడు. కారు రివర్స్ చేస్తూ చెత్త డబ్బాని గుద్దేశాను, ఇది మాత్రం కావాలని కాదు. "పర్లేదు, అందరికీ అవుతుంది" అన్నాడు. ఆ మాట వినగానే నాకు భయం వేసింది. పద్మ వంటింట్లోకి వెళ్ళి కళ్ళు తుడుచుకుని వచ్చింది.

"మా అన్నయ్య మిమ్మల్ని ఒక్కసారి పాతలాగా తిడితే చాలండీ. నాకింకేం వద్దు" అంది.

భర్తను తిట్టించుకోవాలని మొక్కుకునే ఆడవాళ్ళు మా కుటుంబంలోనే ఉంటారేమో.

ఉపాయం చెప్పింది మా అమ్మాయి కీర్తి. దానికి తెలుగు అర్థమవుతుంది, మాట్లాడటానికి మాత్రం బద్ధకం. "డాడ్, మావయ్యని ట్రౌట్ ఫిషింగ్‌కి తీసుకెళ్ళు. హీ లవ్స్ ఫిష్, రైట్?" అంది. ఇక్కడ అక్టోబరంటే వసంతం. చేపల సీజన్ అప్పుడే తెరుస్తారు. చిన్న చిన్న వాగుల్లో నడుచుకుంటూ పట్టడం నేర్పే గైడొకామెను అదే వెతికి పెట్టింది. ఆమె తీసుకునే ఫీజు ఇక్కడ రాయను. మా ఊరివాళ్ళు ఎవరైనా ఇది చదివితే నా పరువు పోతుంది.

వుడ్‌విల్: అమ్మకూడని చేప

కొండ మీద కొత్త రోడ్డెక్కి, గాలిమరల మధ్య నుంచి అవతలికి దిగితే వుడ్‌విల్. టిఫిన్‌కి ఒక బేకరీ దగ్గర ఆగాం. న్యూజీలాండ్‌లో పల్లెటూరి బేకరీ అంటే చాలాచోట్ల కంబోడియా వాళ్ళదే, మన దగ్గర హైవే మీద టీ కొట్టంటే కేరళ వాళ్ళది అయినట్టు. వాళ్ళు చేసి అమ్మేది మాత్రం ఫక్తు ఈ దేశపు తిండి, 'పై'. మైదా డొప్పలో కూరిన మాంసం కూర అది. మేం కోడి మాంసంది తీసుకున్నాం. దాని ధరకి ఆకివీడులో ఇద్దరు కడుపు నిండా బిర్యానీ తిని కిళ్ళీ కూడా వేసుకోవచ్చు.

పై తినడానికి ఓ పద్ధతి ఉంది. కాగితం సంచిలోంచి కొంచెం బయటికి లాగి, బాగా ఊది, అప్పుడు కొరకాలి. ఈ సంగతి నాకు ఎన్నో ఏళ్ళుగా తెలుసు. అయినా ఎప్పటిలాగే ఊదకుండా కొరికి నాలుక కాల్చుకున్నాను. నోరు తెరిచి హా హా అంటూ బావ వైపు చూశాను. పాతరోజుల్లో అయితే ఈ ఒక్క దృశ్యంతో వారం రోజులు గడిపేసేవాడు.

"నీళ్ళు తాగు" అన్నాడు. సీసా మూత కూడా తీసి ఇచ్చాడు.

కౌంటర్ దగ్గరున్నామె ఎక్కడికని అడిగింది. ట్రౌట్‌కి అంటే నవ్వింది. "మంచి పని. కొనుక్కుందామన్నా మీకు దొరకదు తెలుసా? ఈ దేశంలో ట్రౌట్ అమ్మకూడదు. పట్టినవాడు తినాలి, లేదా పట్టినవాడు ప్రేమగా ఇస్తే తినాలి."

ఇది బావకి తెలుగులో చెప్పాను. చేపలు టన్నులకి టన్నులు లారీలకెక్కించి, ఐసు కొట్టి, కలకత్తా పంపిన మనిషికి అమ్మకూడని చేప ఒకటుందని చెప్పడం చిన్న విషయం కాదు. ఏదో ఒకటి అంటాడని ఆయన ముఖంలోకే చూస్తూ నిలబడ్డాను.

"అలాగా" అన్నాడు. రుమాలు తీసి చేతులు తుడుచుకున్నాడు.

జూలీ గారి పెరడు: బూట్లకి స్నానం

గైడు పేరు జూలీ. అరవై దాటిన మనిషి, ఒకప్పుడు పాల ఆవులుండేవట. ఆవుల మీద అరిచి అరిచి గొంతు అలాగే ఉండిపోయిందని ఆమే చెప్పింది. పహియాటువా దాటాక ఒక మట్టి రోడ్డు చివర ఆమె ఇల్లు. వెళ్ళగానే టీ ఇచ్చింది, బిస్కెట్లిచ్చింది, తన తుంటి ఆపరేషన్ కథ మొత్తం చెప్పింది. కథ పూర్తి కాకుండా కదిలేది లేదు.

తరవాత మా ఇద్దరికీ వేషం వేసింది. ఒంటికి అతుక్కుపోయే నల్లటి పొడుగు లాగు, దాని మీద నిక్కరు, కాళ్ళకి పెద్ద బూట్లు. ఇక్కడ వాగుల్లో దిగేవాళ్ళందరిదీ ఇదే వేషం. మా బావ జీవితంలో పంచె తప్ప ఎరగడు, పెళ్ళిళ్ళకి మాత్రం ప్యాంటు. అలాంటివాడు నల్ల లాగు మీద నిక్కరుతో బయటికొచ్చి నిలబడ్డాడు. నేను ఫోన్ తీసి ఫొటో కూడా తీశాను. కోప్పడలేదు.

"వెచ్చగా ఉంది" అన్నాడు.

దిగే ముందు సబ్బు నీళ్ళ తొట్టిలో బూట్లు ముంచి బ్రష్షుతో రుద్దించింది జూలీ. ఒక వాగులో నాచు ఇంకో వాగుకి అంటకూడదట. మన దగ్గర చెరువులోంచి బయటికొచ్చాక కాళ్ళు కడుక్కుంటాం, వీళ్ళు దిగే ముందు కడుక్కుంటారు. బావ ఈ పని శ్రద్ధగా చేశాడు, నా బూట్లు కూడా ఆయనే రుద్దాడు.

చివర్లో జూలీ వేలు చూపించి ఒక షరతు పెట్టింది. "పెద్ద నదుల్లో పట్టుకుంటే తినొచ్చు, నాకు అభ్యంతరం లేదు. కానీ నేను తీసుకెళ్ళే వాగులు చిన్నవి, చేపలు కొన్నే ఉంటాయి. పట్టినదాన్ని వదిలేయాల్సిందే."

గోదావరి జిల్లా మనిషితో, పట్టిన చేపను వదిలెయ్యమని! పాత సత్యం బావ అయితే పెద్దమనుషుల్ని పిలిపించి పంచాయతీ పెట్టేవాడు. ఈ కొత్త బావ తలూపి "అలాగేనండి" అన్నాడు. జూలీకి తెలుగు రాదు కాబట్టి ఎంత వినయమో ఆమెకి తెలీలేదు.

మొదటి వాగు: కంచె కొట్టిన దెబ్బ

వాగంటే నిజంగా చిన్నదే. మా పంట కాలవల్లో సగం ఉంటుంది. అటూ ఇటూ పచ్చిక, కొత్తగా చిగురేసిన విల్లో చెట్లు, గట్టు మీద అప్పుడే పుట్టిన గొర్రెపిల్లలు. నీళ్ళు మాత్రం ఫ్రిజ్‌లోంచి తీసినట్టున్నాయి. దాటేటప్పుడు ముగ్గురం చేతులు పెనవేసుకుని, వాలుగా, ఒకేసారి అడుగులేస్తూ దాటాలి. మధ్యలో జూలీ, చెరో పక్కన మేం. కాళ్ళు మొద్దుబారాక చలి తెలియడం మానేసింది.

ఈ వేటలో ముందు చేప కనబడాలి, ఆ తరవాతే గేలం. ట్రౌట్ ఎప్పుడూ ప్రవాహానికి ఎదురుగా తల పెట్టి నిలబడుతుంది. మనం దాని వెనక నుంచి, నడుం వంచి, నీడ పడకుండా వెళ్ళాలి. గేలానికి ఎర ఉండదు. ఈకలూ దారాలూ చుట్టి కట్టిన దొంగ పురుగుంటుంది, దాన్ని పొడుగాటి గేలపు తాడుతో గాల్లో ఊపి, చేప ముందు పడేలా విసరాలి. నేను విసిరిన మొదటిది విల్లో కొమ్మకి తగులుకుంది, రెండోది నా టోపీకే. బావ విసిరినవి మాత్రం నీళ్ళలోనే పడ్డాయి, చేపలేవీ వాటిని పట్టించుకోలేదు.

మధ్యాహ్నం ఒక కంచె దాటాల్సి వచ్చింది. ఇక్కడి పొలాల్లో పశువులు బయటికి రాకుండా కంచె తీగల్లో కరెంటు పెడతారు. జూలీ హెచ్చరించింది, నేను విన్నాను, తలూపాను కూడా. తడి నిక్కరుతో కాలెత్తి దాటబోయి దాని మీదే కూర్చున్నాను. నేను వేసిన కేకకి గొర్రెపిల్లలు పరిగెత్తాయి. ఎక్కడ తగిలిందో అడక్కండి.

జూలీ పొట్ట పట్టుకుని నవ్వింది. నేనూ ఏడవలేక నవ్వాను. ఇంక ఇదే అదను అనుకున్నాను. ఒక బావమరిది బావకి ఇంతకంటే ఏమివ్వగలడు?

బావ గబగబా వచ్చి నా భుజం పట్టుకున్నాడు. "దెబ్బ గట్టిగా తగిలిందా? కాసేపు కూర్చో" అన్నాడు.

ఆయన చెయ్యి పట్టుకుని, బావా, నవ్వు బావా, అని బతిమాలదామనిపించింది. అడిగితే నవ్వేవాడే, మర్యాదగా.

పహియాటువా: కాపలా లేని గుడ్లు

మోటెల్‌కి వెళ్ళే దారిలో ఒక పొలం గేటు దగ్గర చిన్న బల్ల, దానిమీద గుడ్ల అట్టలు, పక్కన డబ్బులు వెయ్యడానికి ఒక డబ్బా. మనిషి జాడ లేదు. మనం గుడ్లు తీసుకుని డబ్బులు వేసి వెళ్ళిపోవాలి. ఈ దేశంలో నాకు బాగా నచ్చేది ఇదే.

"మన ఊళ్ళో అయితే గుడ్లూ, డబ్బాలో డబ్బులూ, ఆ బల్లా కూడా మాయమవుతాయి బావా" అన్నాను. అని ఆగాను. ఆయనకి చోటిచ్చాను. నువ్వు ఆ ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ అలాగే ఉండేదిరా, అని ఆయన అనాలి. ఎవరైనా అంటారు.

"అవును" అన్నాడు.

ఉడకబెట్టిన గుడ్లూ, పద్మ కట్టిచ్చిన పులిహోర, ఆవకాయా తిన్నాం. పద్మ ఫోన్ చేసింది. "ఏమన్నా అన్నాడా?" "పులిహోర బాగుందన్నాడు." కరెంటు కంచె సంగతి ఆమెకి చెప్పబుద్ధి కాలేదు.

రెండో వాగు: చేపకి విందు

మర్నాడు జూలీ ఇంకా చిన్న వాగుకి తీసుకెళ్ళింది. గాలి తగ్గి, ఎండ వచ్చింది. ఒక మలుపు దగ్గర ఆమె చెయ్యెత్తి ఆపింది. విల్లో కింద, లోతుగా ఉన్నచోట, మూరెడు పొడుగు చేప. ఒళ్ళంతా ఎర్రటి, నల్లటి మచ్చలు. తోక అలా అలా ఊపుతూ, ఉన్నచోటే నిలబడి ఉంది.

బావ దాన్ని చూశాడు. చూడగానే ఆయన వీపు నిటారుగా అయింది. ఇన్నాళ్ళలో ఆయన ముఖంలో అలాంటి శ్రద్ధ నేను చూడలేదు. జూలీ చెప్పినట్టే మోకాళ్ళ మీద వెనక నుంచి వెళ్ళి, రాళ్ళ మధ్య కూర్చుని, విసరడం మొదలెట్టాడు. చేప ఒకసారి పైకొచ్చి, దొంగ పురుగుని వాసన చూసి, వెనక్కి తిరిగింది. జూలీ పురుగు మార్చింది. మళ్ళీ విసిరాడు. చేప మళ్ళీ వచ్చింది, మళ్ళీ వద్దంది. ఎండ నెత్తిమీదికొచ్చింది. బావ కదలడం లేదు. ఆయన చొక్కా చెమటకి తడిసి వీపుకి అంటుకుపోయింది.

నేను పైగట్టు మీద కూర్చుని పులిహోర తింటున్నాను. ఒకపక్క బావ మీద జాలేస్తోంది. ఇంకోపక్క నాలో ఆకివీడు తెలివి మేలుకుంది. మన చెరువుల్లో ఏం చేస్తాం? తవుడూ వేరుశనగ చెక్కా కలిపి, చిల్లుల సంచుల్లో నింపి, నీళ్ళలో పాతిన వెదురు గడలకి కడతాం. సంచి కట్టిన నిమిషంలో చేపలు గుంపుగా వచ్చి మీద పడతాయి. పాపం ఈ చేపకి ఎవరూ నిజమైన తిండి పెట్టడం లేదు, అన్నీ ఈకలే. రెండు ముద్దలు తింటే ధైర్యం వచ్చి గేలం దగ్గరికీ వస్తుంది.

ఇంత మంచి ఆలోచన వచ్చాక ఆగడం నావల్ల కాదు. అప్పుడే చేప మూడోసారి పైకి లేస్తోంది, నోరు తెరుస్తోంది. నేను చూసుకోలేదు. పులిహోర పెద్ద ముద్ద చేసి, గురి చూసి, దాని నెత్తిన వేశాను.

దభీమని శబ్దం. నీళ్ళ మీద పల్లీలు, కరివేపాకు, పసుపు రంగు మెతుకులు. చేప లేదు. ఎటు పోయిందో కూడా కనబడలేదు.

బావ నెమ్మదిగా లేచి నిలబడ్డాడు. గేలం కర్ర కింద పెట్టాడు. నా వైపు తిరిగాడు.

"ఒరేయ్ బుజ్జిగా! నీ దుంపతెగ! అదేమన్నా మన చెరువులో బొచ్చె చేప అనుకున్నావురా, సంచి కట్టగానే నోరు తెరుచుకుని రావడానికి? పొద్దుట్నుంచీ నడుం పడిపోయేట్టు వంగుని కూచున్నాను ఇక్కడ! వచ్చిందిరా, నోరు తెరిచిందిరా! అప్పుడే వడ్డించాలా నువ్వు? ఒక్క పులిహోరతో ఎందుకాపావ్? విస్తరెయ్యి! ఆవకాయ వెయ్యి! అప్పడం వేయించి పెట్టు, తాంబూలం ఇచ్చి పంపు దాన్ని! నిన్న కరెంటు కంచె మీద కూచున్నావ్, పోన్లే, మెదడు కాస్త కదులుద్దేమో అనుకున్నా. కదలడానికి అక్కడేవన్నా ఉంటే కదా! తింగరి సన్నాసీ!"

నేను పులిహోర డబ్బా పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఒళ్ళంతా చల్లగా హాయిగా ఉంది. ఇంకా, ఇంకా, అనుకుంటున్నాను.

"మీ అక్క మొదట్లోనే చెప్పింది" అన్నాడు బావ అదే ఊపులో. "మా తమ్ముడు మంచోడేనండీ, కానీ వాడి చేతికి ఏ పనీ ఇవ్వకండి, అని. కాపరానికొచ్చిన వారానికే చెప్పింది. నేను విన్నానా? సుశీల మాట నేనెప్పుడు విన్నాను గనక!"

అక్కడ ఆగిపోయాడు. తన నోట్లోంచి ఏ పేరు వచ్చిందో అప్పుడు తెలిసింది ఆయనకి. రాయి మీద కూలబడి, తడి చేతులతోనే ముఖం కప్పుకున్నాడు. ఆయన భుజాలు కదులుతున్నాయి. నేను గట్టు దిగి వెళ్ళి పక్కన కూర్చున్నాను. నాకూ ఏడుపొచ్చింది. మా అక్క పోయినరోజు తరవాత మేమిద్దరం కలిసి ఏడవడం అదే మొదటిసారి.

జూలీ కంగారుగా నా దగ్గరికొచ్చింది. "ఏమైంది? ఏదో భయంకరంగా తిట్టాడు కదూ?"

"అవును. దీని కోసమే రెండేళ్ళుగా చూస్తున్నాం" అన్నాను.

ఆమె మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, ఫ్లాస్కు మూత తీసింది.

బావ ముక్కు చీది, టీ తాగి, నా మోచేతిని పొడిచాడు. "ఏడుపు తరవాత. ముందు ఆ మెతుకులు ఏరు. పాపం ఆవిడ శుభ్రంగా బూట్లు కడిగించి తీసుకొచ్చింది, నువ్వు వాగంతా సంతర్పణ చేశావ్." వంగి ఒక్కొక్క మెతుకూ, పల్లీ, కరివేపాకూ ఏరాను. ఆయన రాయి మీద కూర్చుని, అదిగో అక్కడ ఒకటి, ఇదిగో ఇక్కడ ఒకటి, అని వేలితో చూపించాడు. పల్లీలు నేను తినేస్తున్నానేమోనని కూడా ఒక కన్నేసి ఉంచాడు.

సాయంత్రానికి ఇంకో మలుపులో ఒకటి దొరికింది. ముందు చూసినదాని కంటే చిన్నది. అప్పటికి నన్ను దూరంగా కూర్చోబెట్టి, చేతులు తొడల కింద పెట్టుకోమని ఆజ్ఞాపించాడు. జూలీ చేతి వలలోకి తీసుకుంది. బావ చేతులు తడుపుకుని, చేప పొట్ట కింద చెయ్యి పెట్టి, తల ప్రవాహం వైపు తిప్పి పట్టుకున్నాడు. కాసేపటికి దానికి ఊపిరి కుదిరింది.

"పో. ఆ గట్టు మీద కూచున్నవాడున్నాడే, వాడు అన్నం పెడితే మాత్రం తినకు" అని చెప్పి వదిలాడు.

మళ్ళీ ఇంటికి

తిరిగొచ్చే దారంతా తిట్లే. బ్రేకు ఆలస్యంగా వేస్తానట, ఇండికేటర్ ముందుగా వేస్తానట, గాలిమరల్ని చూస్తూ రోడ్డు చూడనట. నల్ల లాగులో తీసిన ఫొటో ఎవరికైనా పంపితే నన్ను చెరువులో కలిపేస్తాడట. ట్రౌట్‌ని అమ్మకూడదంటే ఈ దేశానికి వ్యాపారం తెలీదట. పట్టి వదిలెయ్యడం మీద దాచుకున్న వాదన మొత్తం వుడ్‌విల్ నుంచి మా ఇంటి గుమ్మం దాకా నాకే వినిపించాడు. ఇంత హాయిగా నేనెప్పుడూ కారు నడపలేదు.

పద్మ తలుపు తీసింది. బావ చెప్పులు కూడా విప్పకుండా, "అమ్మాయ్, నీ మొగుడు ఏం చేశాడో తెలుసా?" అన్నాడు. ఆమె నా వైపు చూసింది. నేను తలూపాను. అన్నగారు స్నానానికి వెళ్ళగానే నన్ను వంటింట్లోకి లాగి తలుపు వేసింది.

"ఏమన్నాడు? ఉన్నదున్నట్టు చెప్పండి."

చెప్పాను. దుంపతెగ దగ్గర నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తాంబూలం దగ్గర పగలబడి నవ్వింది. కరెంటు కంచె నిన్న ఎందుకు చెప్పలేదని నా వీపు మీద ఒకటి వేసింది. చివర్లో అక్క అన్న మాట చెప్పాను. నవ్వు ఆపేసి పొయ్యి కట్టేసింది.

"వదిన పేరెత్తాడా? తన నోటితోనే?"

"ఎత్తాడు."

"ఆ మాట మళ్ళీ చెప్పండి" అంది పద్మ. "వదిన ఎలా అందో అలాగే, నెమ్మదిగా."

మా తమ్ముడు మంచోడేనండీ, అని మొదలుపెట్టాను. మిగతాది పద్మే పూర్తి చేసింది.